ఇంటి వెచ్చములకు ఏ కార్డు?

బ్యాంకువారిచ్చిన కార్డులు రెండు చేతిలో నున్నవి, ఒకటి డెబిట్ కార్డు, రెండవది క్రెడిట్ కార్డు. బియ్యము, పప్పు, నూనె, పాలు, కూరలు, మందులు, పిల్లల పుస్తకములు మొదలగు దినవెచ్చములకు వీనిలో దేనిని వాడుట మేలని మా పాఠకురాండ్రు పలువురు కొన్ని మాసములుగా అడుగుచున్నారు. ఒక సోదరి వ్రాసిన జాబులో, "మావారు క్రెడిట్ కార్డే లాభమనుచున్నారు, మా అత్తగారు అప్పు మాటయే ఇంట వినబడరాదనుచున్నారు, నేనెవరి పక్షమున నుండవలెను?" అని యున్నది. అత్తాకోడండ్ర నడుమను, ఆలుమగల నడుమను తలదూర్చుట ఈ శీర్షికకు అలవాటు కాదు. లెక్క మాత్రము చెప్పగలము. లెక్క చూచినచో భర్తగారి మాటయందు కొంతయు, అత్తగారి మాటయందు అంతకంటె కొంచెము హెచ్చుగను సత్యమున్నట్లు తేలును.

చూచుటకు రెండు కార్డులును ఒక్క తీరుననే యుండును. అదే కొలత, అదే బంగారువన్నె చిప్పు. అంగడిలో రెంటిని ఒకే యంత్రమున పెట్టుదురు. రెంటికిని రహస్యసంఖ్య నొక్కుదురు. భేదమంతయు సొమ్మెవరిది అనుటలో నున్నది. డెబిట్ కార్డు మన పెట్టె తాళపుచెవి వంటిది. సంఖ్య నొక్కిన క్షణముననే మన ఖాతాలోని సొమ్ము తఱిగిపోవును. ఖాతాలో లేనిచో యంత్రము ఒప్పుకొనదు. క్రెడిట్ కార్డుతో కొన్నప్పుడు మన ఖాతానుండి పైసయైనను కదలదు. బ్యాంకువారే అంగడివానికి చెల్లించి, ఆ మొత్తమును మన పేర బాకీగా వ్రాసికొని, నెలకొకసారి పట్టీ పంపుదురు. ఆ పట్టీలో చెప్పిన గడువులోపల బాకీ యంతయు తీర్చినచో వడ్డీ లేదు.

ఈ గడువును గూర్చి పలువురు పొరపడుచున్నారు కావున ఒక ఉదాహరణము చెప్పెదము. పట్టీ ప్రతి నెల 5వ తేదీన తయారగుననియు, చెల్లింపు గడువు 25వ తేదీ యనియు అనుకొందము. జూన్ 6వ తేదీన కొన్న సామాను జూలై 5వ తేదీ పట్టీలో చేరును. జూలై 25 వరకు, అనగా 49 దినములు, ఆ సొమ్మునకు వడ్డీ లేదు. అదే సామానును రెండు దినములు ముందు, జూన్ 4వ తేదీన కొన్నచో, మఱునాటి పట్టీలోనే అది చేరును. జూన్ 25 లోపల, అనగా 21 దినములకే చెల్లించవలెను. "యాబది దినముల అరువు" అని బ్యాంకువారు చాటుచుండునది అన్నిటికిని వర్తించదు. పట్టీ తేదీ ఏదో, గడువు తేదీ ఏదో ఎఱుగక క్రెడిట్ కార్డును చేతబట్టరాదు.

ఆలోచించి చూడగా ఇది మన తాతమ్మల కాలమున పచారీకొట్టులో నడచిన ఖాతాయే. నెలంతయు వెచ్చములు తెచ్చుకొని, పద్దు వ్రాయించి, జీతము రాగానే తీర్చెడివారు. ఐనను ఒక భేదము కలదు. ఆ దుకాణదారు మన ఇంటి స్థితిగతు లెఱిగినవాడు. బాకీ పెరిగినచో, "అమ్మగారూ, పాత నిలువ కొంత సర్దిన బాగుండును" అని మొగమోటముతో నడిగెడివాడు; అప్పటికిని తీరనిచో సామాను తూచుట మానెడివాడు. ఆ మాటకు వెఱచియే ఇల్లాలు రెండు నెలలు ఖర్చు బిగబట్టెడిది. బ్యాంకునకు ఈ మొగమోటము లేదు. బాకీని సగము సగముగా తీర్చువారిని చూచి అది విసుగుకొనదు. అట్టివారి వలననే దానికి రాబడి.

ఈ అరువు వ్యాపారము పుట్టినది అమెరికాలో. 1950వ సంవత్సరమున న్యూయార్కులో డైనర్స్ క్లబ్బు వారు భోజనశాలలలో చెల్లుబాటగు కార్డును తెచ్చిరి. 1958 సెప్టెంబరులో బ్యాంక్ ఆఫ్ అమెరికా వారు కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో పట్టణమున ఇంచుమించు 60,000 మందికి, వారడుగకయే, తపాలాలో కార్డులు పంపిరి. నేడు లోకమంతట నడచుచున్న క్రెడిట్ కార్డునకు అదియే మొదలు. మన దేశమున 1980లో సెంట్రల్ బ్యాంక్ ఆఫ్ ఇండియా, 1981లో మన ఆంధ్రా బ్యాంకు ఈ కార్డుల నిచ్చుటకు పూనుకొనినవి. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు మచిలీపట్టణమున నెలకొల్పిన ఆ ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1వ తేదీన యూనియన్ బ్యాంకులో లీనమైపోయినది. నాడు ఉద్యోగస్థుల జేబులకే పరిమితమైన కార్డు నేడు పల్లెలకును వచ్చినది. కాని పల్లెల కెక్కువగా వచ్చినది డెబిట్ కార్డు. 2014 ఆగస్టు 28న ఆరంభమైన జనధన పథకమున ఖాతా తెఱచిన వారికి రూపే డెబిట్ కార్డు నిచ్చుచున్నారు. మన యింట పనిచేయు స్త్రీలకు ఈ కార్డు లున్నచో వారికొక మాట చెప్పుడు: ఆ కార్డుతోపాటు ప్రమాద భీమా కలదు, ఐతే ప్రమాదమునకు ముందు 90 దినములలో ఒకసారియైనను కార్డును వాడియుండవలెనను నిబంధన కలదు. పెట్టెలో దాచిన కార్డువలన ఆ భీమా దక్కదు.

ఇక అత్తగారి భయమునకు మూలమైన వడ్డీ సంగతికి వత్తము.

నెలకు 20,000 రూపాయల వెచ్చములను ఒక గృహిణి క్రెడిట్ కార్డుపై నడుపుచున్నదనుకొందము. పట్టీ వచ్చినది. అందు పెద్ద అక్షరములతో రెండు మొత్తము లుండును. ఒకటి మొత్తము బాకీ, 20,000. రెండవది "కనీస చెల్లింపు". అది సాధారణముగా బాకీలో నూటికి ఐదువంతులు, అనగా 1,000. ఆ నెల పెండ్లి చదివింపులో, పిల్లవాని రుసుమో వచ్చి, చేతిలో సొమ్ము చాలక ఆమె 1,000 మాత్రమే చెల్లించినది. ఆలస్యపు జరిమానా పడలేదు. బ్యాంకువారు కృతజ్ఞతా సందేశమును కూడ పంపిరి. అంతయు సక్రమముగా నున్నదని ఆమె అనుకొనును.

నిజమునకు జరిగినదేమి? మిగిలిన 19,000 మీద వడ్డీ నడచుచున్నది. క్రెడిట్ కార్డు వడ్డీ మన దేశమున పలు బ్యాంకులలో నెలకు నూటికి 3 మొదలు 3¾ వఱకు నున్నది. 3½ చొప్పున వేసికొన్నను, ఒక్క నెలకు 665 రూపాయలు. ఆ వడ్డీపై నూటికి 18 వంతున జి.ఎస్.టి. 119 రూపాయల 70 పైసలు. వెరసి 784 రూపాయల 70 పైసలు. మఱుసటి నెల ఆమె మరల 1,000 చెల్లించినచో, అందులో అసలునకు జమపడునది 215 రూపాయలు మాత్రమే. ఇంతతో ఐనను పోలేదు. మొత్తము బాకీ తీర్చనందున, వడ్డీని గడువు తేదీనుండి కాక, కొన్న దినము మొదలుకొని లెక్కించుదురు. మఱియు ఆ బాకీ నిలిచియున్నంత కాలము క్రొత్తగా కొన్న ప్రతి వస్తువునకును ఉచిత గడువు పోవును. నేడు కొన్న పాలపొట్లమునకు నేటినుండియే వడ్డీ! నెలకు మూడున్నర యన్నప్పుడు చెవికి చిన్నదిగా వినబడును. సంవత్సరమునకు అది 42. మన ఊళ్ళలో నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ పుచ్చుకొను వానిని గూర్చి నలుగురేమని చెప్పుకొందురో సోదరీమణు లెఱుగుదురు. ఆ వడ్డీయే చల్లని గదిలో కూర్చుండి, అందమైన కాగితముపై అచ్చువేసి అడిగినచో మర్యాదయైనదిగా తోచుచున్నది.

కావున "కనీస చెల్లింపు" అను ఆ రెండవ అంకెను పట్టీపై లేనట్లే భావింపవలెను. గడువునాటికి మొత్తము తీర్చలేమని తెలిసినచో, ఎంత చేతనైన అంత హెచ్చుగా చెల్లించి, ఆ బాకీ తీరువఱకు ఆ కార్డుతో ఏమియు కొనరాదు. మఱియొకటి. క్రెడిట్ కార్డును ఏ.టి.ఎం.లో పెట్టి రొక్కము తీయుట మిక్కిలి హానికరము. అట్టి రొక్కమునకు ఉచిత గడువే లేదు. తీసిన దినమునుండియే వడ్డీ, దానిపై వేరుగా రుసుము. రెండు కార్డులు ఒకే తీరున నుండుటచే పొరపాటున ఇది జరుగుచుండును. ఒక కార్డునకు రంగుకాగితపు ముక్క నంటించి గుర్తుపెట్టుకొనుట మంచిది.

లాభమను భర్తగారి మాటను కూడ తూచి చూతము. క్రెడిట్ కార్డుతో కొన్నదానిపై బహుమాన పాయింట్లో, కొంత సొమ్ము తిరిగి వచ్చుటయో కలదు. వెచ్చములపై అది తఱచుగా నూటికి ఒకటి, కొన్నిట అంతకంటె తక్కువ. పైన చెప్పిన 20,000 మీద నెలకు 200 రూపాయలు. సంవత్సరమునకు 2,400; తీసివేయదగినది కాదు, ఇంటికొక నెల నూనె, పప్పు వచ్చును. ఐతే ఒక్క నెల గడువు తప్పినచో పోవు వడ్డీ 784 రూపాయలని చూచితిమి. అనగా నాలుగు నెలల బహుమానము ఒక్క నెల మఱపుతో చెల్లిపోయినది. కార్డునకు సాలుసరి రుసుమున్నచో అదియును తీసివేసి చూడవలెను. డెబిట్ కార్డునకు కూడ పలు బ్యాంకులు సాలుకు కొంత రుసుము పట్టుచునే యున్నవి. అది ఖాతానుండి చడీచప్పుడు లేక పోవుచుండును గనుక మన కంట బడదు.

అంగడివాని సంగతి కూడ నొకటి కలదు. క్రెడిట్ కార్డుతో చెల్లించినప్పుడు ఆ మొత్తమున కొంత భాగము, ఇంచుమించు నూటికి రెండు వఱకు, అతడు బ్యాంకుల వారికి సమర్పించుకొనవలెను. రూపే డెబిట్ కార్డుపై ఈ పట్టుబడిని 2020 జనవరి 1వ తేదీ మొదలుకొని తీసివేసినారు. అందుచేతనే చిన్న దుకాణములలో క్రెడిట్ కార్డు చూపగానే "రెండు శాతము అదనమగునండీ" అందురు. పదివేల రూపాయల మిక్సీపై 200 అదనముగా నిచ్చి, 100 రూపాయల పాయింట్లు తెచ్చుకొని సంతోషించుట ఏపాటి వ్యాపారము?

లెక్కకు లొంగని నష్టము వేఱొకటి కలదు. చేతిలో నోట్లు తఱిగిపోవుచుండగా చూచిన కన్ను తానే ఖర్చును అడ్డగించును. డెబిట్ కార్డున నోట్లు కనబడకున్నను, మిగిలిన నిలువ ఎంతయో వెంటనే ఫోనునకు సందేశము వచ్చును. క్రెడిట్ కార్డున వచ్చు సందేశమున "మీ కింకను 78,000 పరిమితి కలదు" అని యుండును. అది మన సొమ్ము కాదు. మనము చేయగల అప్పు. ఐనను చదివినప్పుడు మనస్సునకు కలిమివలె తోచును. ఏకాదశినాడు వంటయింట గారెల పిండి రుబ్బిపెట్టి ఎదుట కూర్చుండుట వంటిది.

ఇంతవఱకు చదివి, క్రెడిట్ కార్డును కత్తిరించి పొయ్యిలో వేయుడని మేము చెప్పబోవుచున్నామని తలంపకుడు. దానికి ఒక్క గొప్ప సుగుణము కలదు, అది దొంగతనము విషయమున. డెబిట్ కార్డు సంఖ్యను ఎవడైనను అపహరించి వాడినచో పోవునది మన ఖాతాలోని సొమ్ము. బ్యాంకువారు విచారణ జరుపుచుండగా పాలవానికి, అద్దెకు, బడి రుసుమునకు ఇచ్చుటకు చేతిలో నుండదు. క్రెడిట్ కార్డున అదే జరిగినచో పోయినది బ్యాంకు సొమ్ము. మనము "ఇది మేము చేసిన కొనుగోలు కాదు" అని వెంటనే వ్రాసి, తగవు తీరువఱకు మన జీతము మన యింటనే యుంచుకొనవచ్చును. కావుననే ఎన్నడు నెఱుగని దుకాణములనుండి ఇంటర్నెట్టులో తెప్పించు వస్తువులకు, రైలు, విమానపు టిక్కెట్లకు, ప్రయాణమున బసకు హామీ సొమ్ము నిలిపియుంచు హోటళ్ళకు క్రెడిట్ కార్డే మేలని మా అభిప్రాయము.

ఏ కార్డునకైనను ఒక నియమము జ్ఞాపకముంచుకొనదగినది. 2017 జూలై 6వ తేదీన రిజర్వు బ్యాంకువారు చేసిన ఏర్పాటు ప్రకారము, మన తప్పు కాని, బ్యాంకు తప్పు కాని లేక, మూడవవాని వలన సొమ్ము పోయినప్పుడు, సందేశము వచ్చిన మూడు పనిదినములలో బ్యాంకునకు తెలిపినచో నష్టము మనపై బడదు. నాలుగు మొదలు ఏడు దినముల లోపలనైనచో కొంతవఱకు మనము భరించవలెను. అది దాటినచో ఆ బ్యాంకు విధానమును బట్టి. రహస్యసంఖ్యయో, ఓ.టి.పి.యో మనమే ఇతరులకు చెప్పియున్నచో, బ్యాంకునకు తెలుపువఱకు పోయినదంతయు మన నష్టమే.

ఇతరులకు అనగా ఎవరికి? ఇచ్చట ఇల్లాండ్రు తెలిసికొనవలసిన ఒక వ్యవహారము కలదు. 2013 నవంబరులో బెంగుళూరున ప్రసవానంతరము ఇంటనున్న యొక ఉద్యోగిని, తన డెబిట్ కార్డును, రహస్యసంఖ్యను భర్తకిచ్చి 25,000 రూపాయలు తెమ్మని పంపినది. ఏ.టి.ఎం. యంత్రమునుండి రొక్కము రాలేదు; ఖాతాలో తగ్గినట్లు చీటి మాత్రము వచ్చెను. బ్యాంకువారు సొమ్ము తిరిగి ఇయ్యలేదు. కెమెరా చిత్రమున కార్డు సొంతదారు కాక వేఱొకరు కనబడుచున్నారనియు, రహస్యసంఖ్యను పరులకు చెప్పుట నిబంధనలకు విరుద్ధమనియు వారి వాదము. వినియోగదారుల ఫోరమునకు పోగా, అనేక వాయిదాల పిమ్మట 2018లో తీర్పు బ్యాంకునకే అనుకూలముగా వచ్చెను. భర్త పరుడా యని మీరడుగవచ్చును. ధర్మశాస్త్రమున కాకపోవచ్చును, కార్డు నిబంధనలలో పరుడే. భర్తకో, కొడుకునకో సొమ్ము కావలసినచో వారి ఖాతాకు పంపుడు, కార్డును పంపకుడు.

మా నిర్ణయ మేమనగా, దినవెచ్చములకు డెబిట్ కార్డే. కాని జీతము పడు పెద్ద ఖాతా కార్డు మాత్రము కాదు. గృహిణి తన పేర, సాధ్యమైనంత వఱకు కనీసపు నిలువ నిబంధన లేని ఒక చిన్న పొదుపు ఖాతాను వేరుగా తెఱచుకొనవలెను. నెల మొదటి తేదీన ఇంటి ఖర్చున కనుకొన్న మొత్తమును, 20,000 కాని, 12,000 కాని, ఆ ఖాతాలోనికి మార్పించవలెను. నెలంతయు కూరలబండినుండి మందుల దుకాణము వఱకు చెల్లింపులన్నియు ఆ ఖాతా డెబిట్ కార్డుతోనో, దానికే జతపఱచిన యు.పి.ఐ. ద్వారానో జరుపవలెను. ఇది పూర్వము మన పెద్దలు పోపుల డబ్బాలో విడిగా దాచిన ఇంటి ఖర్చు వంటిదే. దొంగ చేయిపెట్టినను ఆ నెలది మాత్రమే పోవును. పెద్ద ఖాతా భద్రము. ఇరువదవ తేదీనాటికి నిలువ సగమునకు పైగా నున్నదా, అడుగంటినదా యన్నది ఎవరును చెప్పకయే తెలియును. మిగిలినది ఆమె పొదుపు. దానిని మరల పెద్ద ఖాతాలోనికి లాగుకొనరాదని భర్తగారితో ముందే మాట తీసికొనుడు. ఈ మాట లేక చేసిన పొదుపులు ఎన్ని ఎటు పోయినవో మాకు వచ్చు జాబులు చెప్పుచున్నవి.

యు.పి.ఐ. అనగనే ఒక హెచ్చరిక చేయవలసియున్నది. 2022 మొదలుకొని రూపే క్రెడిట్ కార్డును కూడ యు.పి.ఐ.కి జతపఱచుటకు అనుమతించినారు. అందుచేత అంగడిలో ఆ నలుపుతెలుపు చదరపు ముద్రను ఫోనుతో చూపి చెల్లించునప్పుడు, సొమ్ము పోవునది ఖాతానుండియా, క్రెడిట్ కార్డునుండియా అని చూచి మఱి నొక్కవలెను. ఖాతానుండి పోవుచున్నదనుకొని నెలంతయు టీలకు, అరటిపండ్లకు అప్పుచేసి, పట్టీ వచ్చినప్పుడు నివ్వెఱపోయిన వారు కలరు.

సొంత సంపాదన లేని సోదరీమణులకు సాధారణముగా లభించు క్రెడిట్ కార్డు భర్త కార్డునకు అనుబంధముగా నిచ్చునది. దానిపై మన పేరుండును కాని ఖాతా మనది కాదు. పరిమితి ఆయనది, పట్టీ ఆయనకు వచ్చును, బాకీ ఆయనదే. మూలకార్డు నిలిచిపోయిన దినమున ఇదియును నిలిచిపోవును. ఆపద వచ్చి కుటుంబభారము తనపై బడిన నాడు, ఇరువదియేండ్లు కార్డును వాడిన స్త్రీ బ్యాంకులో ఋణమునకు పోయినచో, ఆమె పేర ఏ చరిత్రయు లేదందురు. మన దేశమున ఋణయోగ్యతను 300 నుండి 900 వఱకు అంకెలతో కొలుచుచున్నారు. ఎన్నడు తన పేర అప్పు తీసి తీర్చని వారికి ఆ అంకెయే పుట్టదు. కావున స్త్రీధనముగా వచ్చినదో, తాను కూడబెట్టినదో కొంత సొమ్మున్నచో, దానిని తన పేర ఫిక్సెడ్ డిపాజిట్టు చేసి, దాని హామీపై తన పేరనే ఒక క్రెడిట్ కార్డును పొందవచ్చును. జీతపు చీటి నడుగరు. డిపాజిట్టులో ముప్పాతిక భాగమో, అంతకు మించియో పరిమితిగా నిత్తురు. డిపాజిట్టుపై వడ్డీ యథాప్రకారము పెరుగుచుండును. బాకీ తీర్చనిచో డిపాజిట్టునుండి పట్టుకొందురు గనుక ఏమరుపాటు కూడదు. దీనితో ప్రతి నెల విద్యుత్తు బిల్లువంటి ఒక చిన్న ఖర్చును మాత్రమే జరిపి, గడువులోపల పూర్తిగా తీర్చుచు పోయినచో, రెండు మూడేండ్లలో ఆమెకు స్వంత చరిత్ర యేర్పడును. అత్తగారికి ఇది అప్పుగా తోచినచో, డిపాజిట్టు రసీదును చూపుడు.

డెబిట్ కార్డు విషయమున ఆలుమగల ఉమ్మడి ఖాతా కలవారు, "ఇరువురిలో ఎవరైనను, లేక జీవించియున్నవారు" అను పద్ధతిన ఆ ఖాతా యున్నదో లేదో నేడే చూచుకొనవలెను. ఆ పద్ధతి యున్నచో ఇరువురును చెరియొక కార్డు పొందవచ్చును. రహస్యసంఖ్యను పంచుకొను అవసరమే రాదు.

మిగిలిన జాగ్రత్తలు క్లుప్తముగా చెప్పెదము. 5,000 రూపాయల వఱకు కార్డును యంత్రమునకు తాకించినంతనే, రహస్యసంఖ్య లేకయే, సొమ్ము పోవు ఏర్పాటు 2021 జనవరి నుండి కలదు. వలదనుకొన్నచో బ్యాంకు యాప్‌లో దానిని ఆపివేయవచ్చును. అట్లే ఇంటర్నెట్టు కొనుగోలును, విదేశ చెల్లింపులను ఆపుటకును, దినమునకింతకు మించి పోరాదని హద్దు పెట్టుటకును వీలు కలదు. వెచ్చముల కార్డునకు దినమునకు మూడు నాలుగు వేల హద్దు చాలును. మోసము జరిగెనని అనుమానము కలిగిన తక్షణము కార్డును ఆపించి, బ్యాంకునకు తెలిపి, 1930 అను సంఖ్యకు ఫోను చేయవలెను. ఇంటివారితో చర్చించి రేపు చేయుదమని ఆగరాదు.

అవసరము లేని క్రెడిట్ కార్డు ఇదివరకే ఇంట నున్నదని, దానిని వదల్చుకొను టెట్లని ఇద్దరు సోదరీమణులు వ్రాసినారు. పెట్టెలో పడవేసినంత మాత్రమున అది పోదు. సాలుసరి రుసుము పడుచునే యుండును. బాకీ యంతయు తీర్చి, మిగిలిన పాయింట్లను వాడుకొని, కార్డును మూసివేయుడని బ్యాంకునకు వ్రాతమూలముగా తెలుపుడు. 2022లో రిజర్వు బ్యాంకువారు చేసిన నిబంధన ప్రకారము, బాకీ లేనిచో ఏడు పనిదినములలో మూసివేయవలెను. ఆలస్యమైనచో దినమునకు 500 రూపాయల వంతున బ్యాంకే మనకు చెల్లించవలెను. మనమడుగక క్రొత్త కార్డు పంపుటయు, మన సమ్మతి లేక పరిమితి పెంచుటయు ఆ నిబంధనలలోనే నిషేధింపబడినవి. మూసివేసినట్లు వచ్చిన ఉత్తరమును, అడిగిన నాటి జాబు నకలును కలిపి ఇంటి దస్తావేజుల పెట్టెలో భద్రపఱచుడు.